ఒకే యూజర్‌తో కొట్టులోనూ ఇంటి నుంచీ లాగిన్ అయితే నల్లటి తెర వస్తోంది: ఉబుంటు 22.04, ఎక్స్‌ఆర్‌డీపీ

యార్డు లెక్కలు | సోమవారం, రాత్రి 9:50

సభ్యులందరికీ నమస్కారం. గుంటూరు మిర్చి యార్డులో మా నాన్నగారికి కమీషన్ కొట్టు ఉంది. కొట్టులోని సిస్టమ్‌లో ఉబుంటు 22.04 వేసి, రైతుల ఖాతాలనూ, అమ్మకం లెక్క రాసిచ్చే పట్టీలనూ లిబ్రేఆఫీస్ కాల్క్‌లో నడుపుతున్నాము. పగలు గుమాస్తా గారు ఆ సిస్టమ్ ముందు కూర్చుని కాటా చిట్టీలు ఎక్కిస్తారు. నేను విజయవాడ పటమటలో ఉంటాను కాబట్టి, రాత్రి పూట ఆ లెక్కలు సరిచూడడానికి కొట్టు సిస్టమ్‌లో దూరం నుంచి డెస్క్‌టాప్ తెరవనిచ్చే ఎక్స్‌ఆర్‌డీపీ పెట్టి, ఇంట్లోని ల్యాప్‌టాప్ నుంచి రెమ్మినా అనే ప్రోగ్రాముతో కలుపుకుంటున్నాను. ఇద్దరమూ వాడేది "కొట్టు" అనే ఒకే యూజర్.

గుమాస్తా గారు సాయంత్రం లాగౌట్ చేయకుండా స్క్రీన్ లాక్ చేసి వెళ్ళిపోయిన రోజున, రాత్రి నేను పాస్‌వర్డ్ కొట్టగానే తెర నల్లగా అయిపోతుంది, కొద్ది సెకన్లకు కనెక్షన్ తెగిపోతుంది. ఆయన లాగౌట్ చేసి వెళితే నాకు చక్కగా తెరుచుకుంటుంది. కానీ నేను రెమ్మినా కిటికీ మూసి పడుకున్న మర్నాడు, ఆయన కొట్టులో సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా మళ్ళీ లాగిన్ తెరకే వచ్చేస్తుంది. సిస్టమ్ రీస్టార్ట్ చేస్తే తప్ప పని మొదలు కావడం లేదు. సరుకు ముమ్మరంగా వచ్చే ఈ రోజుల్లో పొద్దున్నే రైతులు పట్టీల కోసం నిలబడి ఉంటే, ఆయన పవర్ బటన్ నొక్కి పట్టుకుని సిస్టమ్ ఆపుతున్నారు. దాంతో డిస్కు ఎక్కడ పాడవుతుందోనని భయంగా ఉంది.

ఎక్స్‌ఆర్‌డీపీ తీసేసి మళ్ళీ వేశాను, గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చాను, ఫైర్‌వాల్ పూర్తిగా ఆపి చూశాను. ఏ మార్పూ లేదు.

లబ్బీపేట నెట్‌వర్క్ | సోమవారం, రాత్రి 10:15

పాస్‌వర్డ్ అడిగే పెట్టె మీకు కనబడుతోందంటే ఎక్స్‌ఆర్‌డీపీ వాడే 3389 పోర్టు దాకా దారి బాగానే ఉందని అర్థం. నెట్‌వర్క్ మీద ఇంకా సమయం పెట్టకండి, ఫైర్‌వాల్‌ను మాత్రం వెంటనే మళ్ళీ ఆన్ చేయండి. కొట్టు రూటర్‌లో 3389ని నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచారా? అలా ఉంటే పాస్‌వర్డ్‌లు ఊహించి కొట్టే ప్రోగ్రాములు రాత్రింబవళ్ళు ఆ తలుపు తడుతూనే ఉంటాయి. ఆ పోర్టును మూసేసి, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి భద్రంగా ఆదేశాలిచ్చే పద్ధతి) టన్నెల్ ద్వారా గానీ వైర్‌గార్డ్ అనే వీపీఎన్ ద్వారా గానీ వెళ్ళండి. మీ అసలు సమస్యకు దీనితో సంబంధం లేదు కానీ, రైతుల ఖాతాలున్న సిస్టమ్ కాబట్టి చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

బ్రాడీపేట ల్యాబ్ | సోమవారం, రాత్రి 10:40

నేను గుంటూరులో ఒక కళాశాల కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. విద్యార్థులు ల్యాబ్‌లో ఒక లాగిన్ తెరిచి ఉంచి, హాస్టల్‌కు వెళ్ళి అదే పేరుతో మళ్ళీ లాగిన్ అవుతూ ఉంటారు కాబట్టి, ఈ నల్లటి తెర నాకు బాగా పరిచయమైనది. దేన్నీ మార్చే ముందు సిస్టమ్‌లో ఏ ఏ సెషన్లు (ముగియని లాగిన్లు) బతికి ఉన్నాయో కళ్ళతో చూడడం మంచిది. ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్ళి "లాగిన్‌సీటీఎల్ లిస్ట్-సెషన్స్" అన్న ఆదేశం ఇవ్వండి. మీకు నల్లటి తెర వచ్చిన రాత్రి ఒకసారి, గుమాస్తా గారిని లాగిన్ తెర వెనక్కి పంపిన ఉదయం ఒకసారి చూడండి. సీట్ అన్న గడిలో "సీట్0" అని ఉన్న వరుస కొట్టులోని మానిటరు, కీబోర్డుల ముందు తెరిచిన సెషన్. ఆ గడి ఖాళీగా ఉన్నవి బయటి నుంచి వచ్చినవి.

యార్డు లెక్కలు | మంగళవారం, ఉదయం 8:35

మీరు చెప్పినట్టే చూశాను. రాత్రి నల్లటి తెర వచ్చినప్పుడు "కొట్టు" పేరుతో సీట్0 సెషన్ ఒకటి ఉంది, నాది దాని కింద కాసేపు కనబడి పోయింది. తరువాత ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా ఆ స్థానిక సెషన్‌ను ముగించి, ఎక్స్‌ఆర్‌డీపీతో లోపలికి వెళ్ళి, పని చూసుకుని, ఎప్పటిలాగే కిటికీ మూసేశాను. ఈ ఉదయం గుమాస్తా గారు ఫోన్ చేసేసరికి సీట్ గడి ఖాళీగా ఉన్న నా రాత్రి సెషన్ ఇంకా అలాగే ఉంది. "లాగిన్‌సీటీఎల్ టెర్మినేట్-సెషన్" అని దాని సంఖ్య ఇచ్చి ముగించగానే ఆయన లాగిన్ అయ్యారు, రీస్టార్ట్ అవసరం పడలేదు. అంటే నేను బయటికి వచ్చేశాననుకున్న ప్రతి రాత్రీ లోపలే ఉండిపోతున్నాను.

బ్రాడీపేట ల్యాబ్ | మంగళవారం, మధ్యాహ్నం 1:20

మీరు పట్టుకున్నదే అసలు విషయం. రెమ్మినా కిటికీ మూయడం డిస్కనెక్ట్ అవడం మాత్రమే. ఎక్స్‌ఆర్‌డీపీ మీ సెషన్‌ను మీరు మళ్ళీ వస్తారన్న ఉద్దేశంతో అలాగే నిలిపి ఉంచుతుంది. నెట్ తెగినా పని పోకూడదన్నది దాని ఏర్పాటు. లోపలి మెనూ నుంచి లాగౌట్ చేస్తేనే సెషన్ ముగుస్తుంది.

రెండు సెషన్లు పక్కపక్కన ఎందుకు ఇమడవో కూడా తెలుసుకుంటే తరువాతి నిర్ణయాలు మీకే తేలికవుతాయి. ఉబుంటులో సేవలను నడిపే సిస్టమ్‌డీ ఒక్కొక్క యూజర్‌కు, ఆ యూజర్ ఎన్ని చోట్ల నుంచి లాగిన్ అయినా సరే, ఒకే ఒక యూజర్ మేనేజర్‌ను నడుపుతుంది. దానితో పాటే ఒకే డీ-బస్ ఉంటుంది. మీ యూజర్ సంఖ్య 1000 అయితే రన్ ఫోల్డరులోని యూజర్ ఫోల్డరులో 1000 అనే చోట "బస్" అనే సాకెట్ కనబడుతుంది. డెస్క్‌టాప్ ప్రోగ్రాములన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది దాని మీదుగానే. ఉబుంటు డెస్క్‌టాప్ అయిన గ్నోమ్ మొదలైనప్పుడు సెషన్ మేనేజర్ అన్న పేరును ఆ బస్ మీద తనకు నమోదు చేసుకుంటుంది, ఒక బస్ మీద ఆ పేరు ఒక్కరికే దక్కుతుంది. కొట్టులోని గ్నోమ్ ముందే ఆ పేరు తీసుకుని కూర్చుంటే, మీ ఎక్స్‌ఆర్‌డీపీ లోపల మొదలైన రెండో గ్నోమ్‌కు చోటు లేక అది వెనుదిరుగుతుంది. తెరను సిద్ధం చేసే ఎక్స్ సర్వరు మాత్రం అప్పటికే లేచి ఉంటుంది కాబట్టి, దాని మీద గీయడానికి ఎవరూ లేక మీకు నల్లటి తెర కనబడుతుంది. ఉదయం గుమాస్తా గారికి జరిగేది ఇదే, తిరగేసి.

అందువల్ల డ్రైవర్ మార్చినా, ఎక్స్‌ఆర్‌డీపీ మళ్ళీ వేసినా ఫలితం ఉండదు. వాటిలో ఏదీ చెడిపోలేదు.

గవర్నర్‌పేట డీటీపీ | మంగళవారం, సాయంత్రం 6:05

మా దుకాణంలో ఇదే ఇబ్బందికి రెండు వరుసలతో పని జరిగింది. ఈటీసీ ఫోల్డరులో ఎక్స్‌ఆర్‌డీపీ ఫోల్డరు ఉంటుంది, అందులో "స్టార్ట్‌డబ్ల్యూఎం.ఎస్‌హెచ్" అనే ఫైలు తెరవండి. చివర డెస్క్‌టాప్‌ను మొదలుపెట్టే ఎక్స్‌సెషన్‌ను పిలిచే వరుసలకు పైన, "డీబస్ సెషన్ బస్ అడ్రస్" అనే చలరాశిని అన్‌సెట్ చేసే వరుస ఒకటి, "ఎక్స్‌డీజీ రన్‌టైమ్ డిర్" అనే చలరాశిని అన్‌సెట్ చేసే వరుస ఒకటి చేర్చండి. రెండూ కావాలి. మొదటిదొక్కటే తీసేస్తే, ఉబుంటు ఎక్స్‌సెషన్ రన్‌టైమ్ ఫోల్డరులోకి తొంగి చూసి, అక్కడ పాత బస్ సాకెట్ కనబడగానే మళ్ళీ దానికే తగిలిస్తుంది. రెండూ తీసేస్తే డీబస్-లాంచ్ మీ సెషన్‌కు వేరే బస్ తెరుస్తుంది, దానికి డీబస్-ఎక్స్11 ప్యాకేజీ ఉండాలి. ఆ తరువాత స్థానికంగా ఒకరు, దూరం నుంచి ఒకరు ఒకే పేరుతో ఉండవచ్చు.

యార్డు లెక్కలు | బుధవారం, మధ్యాహ్నం 3:10

గవర్నర్‌పేట డీటీపీ గారికి కృతజ్ఞతలు. రాత్రి ఆ రెండు వరుసలూ చేర్చాను, కొట్టులో స్క్రీన్ లాక్ చేసి ఉన్నా నాకు డెస్క్‌టాప్ వచ్చింది. అయితే ఈ రోజు పగలు జరిగినది చెప్పాలి. గుమాస్తా గారు కాల్క్ తెరిచి పని చేసుకుంటున్న సమయంలో, నేను ఇంటి నుంచి పోయిన నెల ఖాతా ఫైలు మీద రెండుసార్లు నొక్కాను. నా తెర మీద ఏమీ రాలేదు. మళ్ళీ నొక్కాను. మూడోసారికి ఆయన దగ్గర నుంచి ఫోన్ వచ్చింది: "బాబూ, నేను ముట్టుకోకుండానే పోయిన నెల ఖాతా పైకి వచ్చింది. నేను టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క కొడుతున్న అంకె అందులో పడింది." వెంటనే సేవ్ చేయకుండా మూయమన్నాను కాబట్టి సరిపోయింది. ఒక రైతు బాకీ గడిలో ఇంకొకరి టిక్కీల సంఖ్య చేరితే, దాన్ని పట్టుకోవడానికి మాకు పట్టీలన్నీ తిరగెయ్యవలసి వచ్చేది.

ఫైర్‌ఫాక్స్ కూడా ఇప్పటికే నడుస్తోందంటూ తెరుచుకోవడం లేదు. శబ్దమూ రావడం లేదు. ఇవన్నీ ఆ రెండు వరుసల వల్లనేనా?

బ్రాడీపేట ల్యాబ్ | బుధవారం, సాయంత్రం 7:30

శబ్దం పోవడం ఆ రెండు వరుసల వల్లనే. పల్స్ ఆడియో సాకెట్ రన్‌టైమ్ ఫోల్డరులోనే ఉంటుంది, దాని చిరునామాను మీరు చెరిపేశారు. ఫైలు అక్కడ తెరుచుకోవడానికి కారణం వేరు. లిబ్రేఆఫీస్ ఒక యూజర్ ప్రొఫైల్‌కు ఒకే ప్రతిగా నడుస్తుంది. రెండోసారి పిలిస్తే, ఆ పిలుపు ముందే నడుస్తున్న ప్రతిని వెతికి, ఫైలును దానికి అప్పగించి తాను ముగిసిపోతుంది. ఆ ముందటి ప్రతి కొట్టు తెర మీద ఉంది కాబట్టి కిటికీ అక్కడ తెరుచుకుంది. ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్‌కు తాళం ఉంటుంది, అది రెండో తెర మీద తెరవడానికి ఒప్పుకోదు. ఫైర్‌ఫాక్స్ నిరాకరించడం మేలు, కనీసం మీకు తెలుస్తుంది.

అందుకే ఆ రెండు వరుసల చిట్కాను నేను మా ల్యాబ్‌లో వాడను. బస్‌ను వేరు చేసినా హోమ్ ఫోల్డరు ఒకటే. డీకాన్ఫ్ సెట్టింగుల ఫైలు ఒకటే, పాస్‌వర్డ్‌లు దాచే కీరింగ్ ఫైలు ఒకటే, ప్రొఫైళ్ళు ఒకటే. రెండు బస్‌ల మీద రెండు సేవలు ఒకే ఫైలులో రాస్తూ ఉంటే, ఎవరి మార్పు మిగులుతుందో చెప్పలేము. ఒక్కరే మనిషి అప్పుడప్పుడూ వాడుకునే సిస్టమ్‌లో దానితో నెట్టుకురావచ్చు. ఇద్దరు మనుషులు ఒకే సమయంలో డబ్బు లెక్కలు రాసే చోట అది ప్రమాదమని నా గట్టి అభిప్రాయం.

మీరు ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. మీకు గుమాస్తా గారి తెరే ఇంటి నుంచి కనబడాలా, లేక మీ తెర మీకు విడిగా ఉండాలా? ఎక్స్‌ఆర్‌డీపీ సాధారణంగా ఇచ్చేది విడి తెర. ఒకే యూజర్ పేరుతో ఇద్దరికీ విడి తెరలు కావాలని అడగడంలోనే ఈ తంటా అంతా ఉంది.

కరకట్ట | బుధవారం, రాత్రి 9:15

ఆ తెరే కావాలంటే 22.04లో గ్నోమ్ సొంత షేరింగ్ ఉంది. గ్నోమ్ 42 నుంచి అది ఆర్‌డీపీ పద్ధతిలో పనిచేస్తుంది. సెట్టింగ్స్‌లో షేరింగ్‌కు వెళ్ళి రిమోట్ డెస్క్‌టాప్ ఆన్ చేయాలి. తాడేపల్లిలోని మా అమ్మగారి సిస్టమ్‌కు నేను వాడేది అదే, ఆవిడ చూస్తుండగానే చేసి చూపించవచ్చు. అయితే మీ సందర్భంలో మూడు చోట్ల తగులుతుంది. కొట్టులో ఎవరో లాగిన్ అయి ఉండాలి, స్క్రీన్ లాక్ పడితే కనెక్షన్ ఆగిపోతుంది. ఆటోమేటిక్ లాగిన్ పెట్టుకుంటే కీరింగ్ తెరుచుకోదు కాబట్టి అందులో దాచిన ఆర్‌డీపీ పాస్‌వర్డ్ దొరకదు. పైగా ఎక్స్‌ఆర్‌డీపీ, గ్నోమ్ షేరింగ్ రెండూ 3389నే కోరుకుంటాయి, ఏది ముందు లేస్తే పోర్టు దానిది. నేను ఒక ఆదివారమంతా ఆ పోర్టు తగాదా తెలియక వేరే చోట వెతికాను. "ఎస్‌ఎస్ -టీఎల్‌ఎన్‌పీ" అన్న ఆదేశం సూడోతో ఇస్తే ఆ పోర్టును ఎవరు పట్టుకున్నారో ఒక్క వరుసలో తెలిసిపోతుంది.

తెరను పంచే ఎక్స్11వీఎన్‌సీ వాడమని ఎవరైనా సలహా ఇస్తే, అది ఎక్స్ తెరను మాత్రమే చూపగలదని, ఎక్స్ బదులు వచ్చిన వేలాండ్ సెషన్‌ను చూపలేదని గుర్తుంచుకోండి. ఉబుంటు 21.04 నుంచి చాలా సిస్టమ్‌లలో వేలాండే ముందుగా వస్తోంది.

24.04కు మారితే గ్నోమ్ 46లో రిమోట్ లాగిన్ అనే వేరే ఏర్పాటు ఉంది, లాగిన్ తెరకే దూరం నుంచి చేరుకోవచ్చు. అక్కడ కూడా అదే యూజర్ స్థానికంగా తెరిచి ఉంటే, సెషన్ ముందే నడుస్తోందని చెప్పి, దాన్ని బలవంతంగా ఆపాలా అని అడుగుతుంది. నల్లటి తెర బదులు స్పష్టమైన మాట వస్తుంది, అంతే. ఒక యూజర్‌కు ఒక డెస్క్‌టాప్ అన్న నియమం అక్కడా మారలేదు.

యార్డు లెక్కలు | బుధవారం, రాత్రి 10:30

బాగా ఆలోచించాను. గుమాస్తా గారు పని చేస్తుండగా ఆయన మౌస్‌ను నేను కదిలించడం మర్యాద కాదు, ఆయనకూ ఇబ్బంది. నాకు విడి తెరే కావాలి. నా పేరుతో వేరే యూజర్ తెరుస్తాను. రెండు సందేహాలు ఉన్నాయి. ఖాతా ఫైళ్ళు ఇప్పుడు "కొట్టు" హోమ్ ఫోల్డరులో ఉన్నాయి, ఇద్దరమూ రాసేలా ఎలా పెట్టాలి? రైతుల పేర్లు, ఊళ్ళు మేము తెలుగులోనే రాస్తాము. ఎక్స్‌ఆర్‌డీపీలో తెలుగు టైపింగ్ ఒక్కోసారి పనిచేసేది, ఒక్కోసారి ఇంగ్లీషు అక్షరాలే వచ్చేవి. వేరే యూజర్‌తో అది ఏమవుతుంది?

బ్రాడీపేట ల్యాబ్ | గురువారం, ఉదయం 7:10

మంచి నిర్ణయం. ముందు స్టార్ట్‌డబ్ల్యూఎం ఫైలులోని ఆ రెండు వరుసలూ తీసేయండి, యూజర్లు వేరైతే బస్‌లు వాటంతట అవే వేరవుతాయి. "ఖాతా" అనే గ్రూపు చేసి ఇద్దరినీ అందులో చేర్చండి. ఎస్‌ఆర్‌వీ ఫోల్డరులో ఒక ఫోల్డరు తెరిచి, దాని గ్రూపును ఖాతాగా మార్చి, అనుమతి 2770 ఇవ్వండి. ముందున్న 2 వల్ల లోపల పుట్టే ప్రతి కొత్త ఫైలూ ఖాతా గ్రూపుకే చెందుతుంది. కానీ కొత్త ఫైలుకు గ్రూపు రాసే అనుమతి తప్పనిసరిగా రావాలంటే "సెట్‌ఎఫ్‌ఏసీఎల్" ఆదేశంతో ఆ ఫోల్డరుకు డిఫాల్ట్ అనుమతిగా ఖాతా గ్రూపుకు చదవడం, రాయడం రెండూ ఇవ్వాలి. చాలామంది ఈ చివరి మెట్టు వదిలేసి, తరువాత ఒకరి ఫైలు ఇంకొకరికి చదవడానికి మాత్రమే తెరుచుకుంటోందని బాధపడతారు. గ్రూపులో చేర్చాక ఇద్దరూ ఒకసారి పూర్తిగా లాగౌట్ చేసి రావాలి.

దీనితో మీకు కలిగే పెద్ద మేలు లిబ్రేఆఫీస్ తాళం ఫైలు. ఆయన ఖాతా తెరిచి ఉన్నప్పుడు మీరు తెరవబోతే, ఫైలు ఫలానా వారి దగ్గర ఉందని చెప్పి, చదవడానికి మాత్రమే తెరవాలా అని అడుగుతుంది. ఒకే యూజర్‌గా ఉన్నప్పుడు ఇద్దరూ ఒక్కరే అనుకుని ఫైలును అప్పగించిన ప్రోగ్రామే, ఇప్పుడు ఇద్దరని గుర్తిస్తుంది.

తెలుగు గురించి: రెమ్మినా కలిసేటప్పుడు మీ ల్యాప్‌టాప్ కీబోర్డు లేఅవుట్ ఏదో ఎక్స్‌ఆర్‌డీపీకి చెబుతుంది, అది దాన్నే సెషన్‌కు పెడుతుంది. అందువల్ల ల్యాప్‌టాప్‌లో ఇంగ్లీషే ఉంచండి, తెలుగు మార్పిడి అవతలి వైపు, భాషల టైపింగ్ చూసే ఐబస్‌లో జరగనివ్వండి. ఐబస్-ఎం17ఎన్ వేసి, కొత్త యూజర్ సెట్టింగ్స్‌లో కీబోర్డు దగ్గర తెలుగు ఇన్‌స్క్రిప్ట్ గానీ ఆర్‌టీఎస్ గానీ చేర్చండి. రెండు వైపులా తెలుగు పెడితేనే కలగాపులగం అవుతుంది.

గవర్నర్‌పేట డీటీపీ | గురువారం, ఉదయం 9:00

లిబ్రేఆఫీస్ సంగతి నేను గమనించలేదు, మా దుకాణంలో స్థానికంగా ఎవరూ అది తెరవరు. మేము కూడా యూజర్లను వేరు చేస్తాము. ఒక చిన్న ప్రశ్న. ఎక్స్‌ఆర్‌డీపీతో లోపలికి వెళ్ళగానే కలర్ మేనేజ్‌మెంట్ పరికరం సృష్టించడానికి అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలని పెట్టె వస్తుంది. రద్దు చేస్తే మళ్ళీ వస్తుంది.

కరకట్ట | గురువారం, ఉదయం 9:40

ఏ పనికి అడ్మిన్ పాస్‌వర్డ్ అడగాలో తేల్చే పోల్‌కిట్ అనుమతులు సీటు ముందు కూర్చున్న చురుకైన సెషన్‌కు ఒక రకంగా, మిగతా సెషన్లకు ఇంకొక రకంగా ఉంటాయి. దూరపు సెషన్‌కు సీటు లేదు కాబట్టి కొట్టులో అడగనిది ఇక్కడ అడుగుతుంది. కలర్-మేనేజర్ చర్యలకు మాత్రం అనుమతి ఇచ్చే చిన్న ఫైలు రాస్తే చాలు. మీ ఉబుంటు 22.04 అయితే అందులోని పోల్‌కిట్ పాతది, జావాస్క్రిప్ట్ నియమాలు చదవదు. ".పీకేఎల్‌ఏ" ఫైలు రాయాలి. 24.04లో ".రూల్స్" ఫైలు. అన్ని చర్యలకూ అనుమతి ఇచ్చే నియమం మాత్రం ఎవరు చెప్పినా పెట్టకండి.

యార్డు లెక్కలు | శనివారం, రాత్రి 9:20

రెండు రోజులు చూసి రాస్తున్నాను. వేరే యూజర్ తెరిచాను, ఫోల్డరు, గ్రూపు, డిఫాల్ట్ అనుమతులు చెప్పినట్టే పెట్టాను. నిన్న పగలు ఆయనా నేనూ ఒకే సమయంలో లోపల ఉన్నాము. లాగిన్‌సీటీఎల్‌లో రెండు పేర్లతో రెండు వరుసలు, ఒకదానికి సీట్0, రెండోదానికి ఖాళీ. ఆయన తెరిచి ఉంచిన ఖాతాను నేను తెరవబోతే ఆయన పేరుతో తాళం చూపించింది, చదవడానికి మాత్రమే తెరుచుకున్నాను. తెలుగు రెండు చోట్లా వస్తోంది. కొత్త యూజర్‌కు ఎక్స్‌ఆర్‌డీపీలో ఎడమ పక్క డాక్ కనబడలేదు. హోమ్ ఫోల్డరులో ".ఎక్స్‌సెషన్‌ఆర్‌సీ" ఫైలు పెట్టి, గ్నోమ్ షెల్ సెషన్ మోడ్ "ఉబుంటు" అని రాస్తే వచ్చింది.

రూటర్‌లో 3389 మూసేశాను, ఇప్పుడు ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ ద్వారానే వెళుతున్నాను. లబ్బీపేట నెట్‌వర్క్ గారు ఊహించింది నిజమే, అది తెరిచే ఉంది.

ఇంకొక్క సంగతి అడుగుతాను. ఇప్పుడు కూడా నేను లాగౌట్ మరచిపోతే నా సెషన్ నిలిచిపోతుంది కదా. ఎక్స్‌ఆర్‌డీపీ సెట్టింగుల ఫైలు సెస్‌మన్.ఐఎన్‌ఐలో "కిల్ డిస్‌కనెక్టెడ్" అనేది కనబడింది. దాన్ని ఆన్ చేయవచ్చునా?

బ్రాడీపేట ల్యాబ్ | శనివారం, రాత్రి 9:55

మీ సెషన్ నిలిచి ఉన్నా ఇక గుమాస్తా గారి లాగిన్‌కు అడ్డు రాదు, కొంత మెమరీ తింటుంది, అంతే. ఆన్ చేసేటట్లయితే దాని పక్కనే ఉన్న "డిస్‌కనెక్టెడ్ టైమ్ లిమిట్" కూడా తప్పక చూడండి. అది సెకన్లలో ఉంటుంది. సున్నా గానీ మరీ తక్కువ గానీ ఉంచితే, పటమటలో కరెంటు పోయి రూటర్ ఆగిన కాసేపటికే కొట్టులో మీరు సేవ్ చేయని లెక్క పోతుంది. 3600 పెట్టుకోండి. ఈ గడువు ఎక్సార్గ్ఎక్స్‌ఆర్‌డీపీ సెషన్లకే వర్తిస్తుంది, ఎక్స్‌వీఎన్‌సీ అనే ఇంకో రకం సెషన్‌తో వెళితే వర్తించదు. ఇంకొకటి, రెమ్మినాలో రంగుల లోతును ఒక రోజు 16, మరో రోజు 32 అని మార్చకండి. ఎక్స్‌ఆర్‌డీపీ పాత సెషన్‌ను యూజర్ పేరుతో పాటు రంగుల లోతును కూడా సరిచూసి కలుపుతుంది. అది మారితే మీ పాత సెషన్‌ను వదిలేసి కొత్తది తెరవబోతుంది, అప్పుడు మీ పేరు మీదే రెండు డెస్క్‌టాప్‌లు తలపడి మళ్ళీ నల్లటి తెర చూస్తారు.

యార్డు లెక్కలు | శనివారం, రాత్రి 10:10

రంగుల లోతు 32గా స్థిరం చేశాను, గడువు 3600 పెట్టాను. ఈ రాత్రి కావాలనే లాగౌట్ చేయకుండా కిటికీ మూసి, గంటన్నర తరువాత ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్ళి నా వరుస పోయిందో లేదో చూసి, ఇక్కడే రాస్తాను.

యార్డు లెక్కలు | శనివారం, రాత్రి 11:50

పోయింది. లాగిన్‌సీటీఎల్‌లో ఇప్పుడు నా ఎస్‌ఎస్‌హెచ్ వరుసా, కొట్టులో లాక్ చేసి ఉన్న సీట్0 వరుసా మాత్రమే ఉన్నాయి.